పాత గంటల గడియారం హర్రాజులో కొనబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ముందుగది గోడకి మూడు గడియారాలు, అలమర మీద ఒకటి ఉన్నాయి. నాలుగూ ఒకే టైము చూపించిన రోజు ఇంతవరకు రాలేదు. ఇంటికొచ్చినవాళ్లు చాయ్ చేతిలో పట్టుకుని వాటి కింద నిలబడి అడిగే ప్రశ్నలే ఇవి. నేను వ్యాపారిని కాదు, రిపేరు చేసేవాణ్ణీ కాదు. పన్నెండేళ్లుగా హర్రాజులో, అంటే వేలంలో కొంటూ, కొన్నిసార్లు మోసపోతూ, వాటిని బాగుచేయించుకుంటూ వస్తున్నవాణ్ణి. కాబట్టి దీన్ని పాఠంగా కాదు, దెబ్బలు తిన్నవాడి మాటగా చదవండి.

వేలం కేటలాగులో "యాంటిక్" అని రాస్తే అది ఎంత పాతదని?

ఆ మాటకు కేటలాగులో పెద్ద విలువ లేదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కనీసం 100 ఏళ్లు నిండితేనే వస్తువు పురావస్తువు లెక్కలోకి వస్తుంది. రాతప్రతులకైతే 75 ఏళ్లు. అమ్మేవాళ్లు మాత్రం 1960లో వచ్చిన గోడ గడియారాన్ని కూడా యాంటిక్ అనే రాస్తారు. "వింటేజ్" అని ఉంటే పాతదే కానీ అంత పాతది కాదని, "యాంటిక్ స్టైల్" అని ఉంటే కొత్తదేనని అర్థం చేసుకోండి. "స్టైల్" అనే ఆ ఒక్క ముక్క చూడక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

మన వైపు ఇళ్లలో, వేలాల్లో ఎక్కువగా కనిపించేవి ఏవి?

నేను ఎక్కువగా చూసినవి మూడు దేశాలవి. ఒకటి అమెరికావి: అన్సోనియా, సెత్ థామస్ లాంటివి. అన్సోనియా కంపెనీ 1851లో మొదలై, 1929లో దివాలా తీసి, యంత్రాలన్నీ సోవియట్ రష్యాకు అమ్మేసింది. కాబట్టి ఎవరైనా "1940 నాటి అన్సోనియా" అంటే అక్కడే ఆగిపోండి. రెండోది జర్మనీవి: 1861లో పెట్టిన యుంగ్‌హాన్స్, రెండు బాణాలు అడ్డంగా పెట్టిన గుర్తుతో వచ్చే హాంబర్గ్ అమెరికన్, గుస్టావ్ బెకర్. మూడోది జపాన్‌వి: 1892లో టోక్యోలో మొదలైన సైకోషా. ఇప్పటి సైకో మూలం అదే. మొదట్లో వాళ్లు చేసింది గోడ గడియారాలే.

అలంకారం కోసం చేసిన గడియారాలు వీటికి భిన్నం. ఫ్రెంచి వాళ్ల కంచు బొమ్మల గడియారాలు, పాలరాతి పీఠం మీద పెట్టేవి, రెండు పక్కలా దీపస్తంభాలతో మూడు ముక్కల సెట్టుగా వచ్చేవి, గాజు గంట, అంటే గంట ఆకారపు గాజు మూత కింద ఉండి, ఒకసారి చావి ఇస్తే 400 రోజులు నడిచే గడియారాలు. ఇవి పల్లె ఇళ్లలో ఉండవు. దేవిడీల్లో, అంటే పెద్దింటివాళ్ల భవంతుల్లో, పెద్ద వకీళ్ల ఇళ్లలో ఉండేవి ఇప్పుడు ఒక్కొక్కటే హర్రాజుకొస్తున్నాయి. ఎలాంటివో కళ్లారా చూడాలంటే పైసా ఖర్చు పెట్టకముందే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారాల గదికి వెళ్లి ఒక పూట గడపండి. జనమంతా కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ల సంగీత గడియారం ముందు, గంట కొట్టే గడ్డపు బొమ్మ ఎప్పుడొస్తుందా అని కూర్చుంటారు. మీరు దాన్ని ఒకసారి చూసి, పక్కగదిలోవి తీరిగ్గా చూడండి. అసలు బంగారు పూత ఏ రంగులో ఉంటుందో అక్కడ కంటికి అలవాటైతే తర్వాత ఫోటోలో కూడా తేడా పట్టేస్తారు.

గడియారం వయసు నేనే తెలుసుకోవచ్చా?

కచ్చితమైన సంవత్సరం కష్టం. "ఇంతకంటే పాతది కాదు" అని మాత్రం చాలాసార్లు తేల్చుకోవచ్చు. నేను చూసేది ముందు స్క్రూలు. ఒక్క గీతకు బదులు తలమీద ప్లస్ గుర్తుండే స్క్రూ 1930ల్లో వాడుకలోకి వచ్చింది. "1890 నాటిది" అని చెప్పే గడియారం మెషిన్‌కి ఆ స్క్రూ ఉంటే, కనీసం ఆ స్క్రూ అయినా తర్వాత వచ్చిందే. ఒకటే ఉంటే మరమ్మతు, నాలుగూ అవే ఉంటే ఆలోచించాలి.

తర్వాత వెనక ప్లేటు మీద అక్షరాలు. జర్మన్ గడియారం మీద డీఆర్‌జీఎం అనే నాలుగు అక్షరాలుంటే అది 1891 తర్వాతిదే, ఎందుకంటే చిన్న చిన్న కొత్త మార్పులని జర్మనీ నమోదు చేసే ఆ పద్ధతి అప్పుడే మొదలైంది. "మేడిన్ జర్మనీ" లాంటి దేశం పేరు కూడా ఎక్కువగా ఆ కాలం నుంచే కనిపిస్తుంది. బ్రిటన్ 1887లో, అమెరికా 1890లో చేసిన చట్టాల వల్ల సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే ఇంకా సులువు: యుద్ధం తర్వాత, 1952 లోపు. సెత్ థామస్ పెట్టె లోపల అతికించిన కాగితం మీద ఊరి పేరు ప్లిమత్ హాలో అని ఉంటే 1865కి ముందుది, థామస్టన్ అని ఉంటే తర్వాతిది. ఊరి పేరే మారిపోయింది మరి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకోటి ఉంది. పాత రిపేరు మనుషులు మెషిన్ విప్పినప్పుడు లోపలి ప్లేటు మీద సూదితో తేదీ, పొడి అక్షరాలు గీసేవాళ్లు. మా జర్మన్ గడియారం లోపల ఒకచోట ఉర్దూలో, దాని కింద ఇంగ్లీషు అంకెల్లో 1938 అని ఉంది. టార్చి పక్క నుంచి వేస్తేనే కనిపిస్తుంది, ఎదురుగా వేస్తే మాయమైపోతుంది. ఎవరో, ఏ ఊళ్లోనో, నాకంటే ముందు దీన్ని విప్పి తుడిచి మళ్లీ బిగించారు. అమ్మేవాడు చెప్పే కథ కంటే ఆ గీతనే నేను ఎక్కువ నమ్ముతాను.

"ఖిచిడీ" గడియారం అంటారే, అదేంటి?

మా ఊళ్లో క్లాక్ టవర్ దగ్గర గడియారాలు బాగుచేసే ఒక ముసలి చాచా ఉండేవారు. నేను మొదటిసారి కొన్న "అన్సోనియా" తీసుకెళ్లి బల్ల మీద పెడితే, కంటికి భూతద్దం పెట్టుకుని రెండు నిమిషాలు చూసి, "సార్, ఇది గడియారం గాదు, ఖిచిడీ. ఇంజను జపాన్‌ది, డబ్బా ఈడిది, డయలు మొన్నటిది" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాటే స్థిరపడింది.

పాత మెషిన్ ఒకటి, కొత్తగా వడ్రంగి చేసిన పెట్టె ఒకటి, కంప్యూటర్‌లో ప్రింటు తీసిన డయల్ ఒకటి, అన్నీ కలిపి ఒక ప్రసిద్ధ పేరు తగిలిస్తారు. మన దేశంలో ఇలాంటివి విపరీతంగా ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. గంట కొడుతుంది, టైము చూపిస్తుంది, గోడకి అందంగానే ఉంటుంది. తప్పల్లా దాన్ని అసలు ధరకు అమ్మడమే.

పట్టుకోవడం ఎలా? పెండ్యులం తీసేసి, పెట్టె లోపల వెనక చెక్క మీద మెషిన్ బిగించిన చోటు చూడండి. వాడని పాత రంధ్రాలు ఉంటే ఈ మెషిన్‌కి ముందు ఇంకోటి ఉండేదన్నమాట. డయల్ మీద చావి పెట్టే రంధ్రాలకు సరిగ్గా మధ్యలో లోపలి ఇరుసు ఉండాలి. ఒక పక్కకి ఉంటే డయల్ వేరేదాన్నుంచి వచ్చింది. పెండ్యులం కింది బిళ్ల, తలుపు అద్దానికి వేసిన డిజైన్ మధ్యలో వదిలిన కిటికీలోంచి కనిపించాలి, అందుకే ఆ ఖాళీ వదిలారు. అది చెక్క పట్టీ వెనక దాక్కుని ఊగుతుంటే ఏదో ఒకటి మారింది. పెండ్యులం బిళ్ల మీద ఆర్, ఏ అక్షరాలు అల్లుకున్నట్టు ఉంటాయి చూడండి. అది కంపెనీ పేరు కాదు, ఫ్రెంచిలో ఆలస్యం, తొందర అనే మాటల మొదటి అక్షరాలు. "ఇది ఆర్ఏ కంపెనీది సార్, చాలా రేర్" అని నాకు ఒకాయన అమ్మజూపాడు.

చెక్క కూడా మాట్లాడుతుంది. నూరేళ్ల పెట్టెకి బయట పాలిష్ ఎన్నిసార్లైనా వేయొచ్చు, లోపల ఎవరూ వేయరు. లోపల చెక్క ముదురు గోధుమ రంగుకి తిరిగి, పాత బీరువా తెరిచినట్టు వాసన రావాలి. తలుపు తెరవగానే ఫెవికాల్, వార్నిష్ వాసన వస్తే ఇంకేం చెప్పాలి. వెనక పలక ప్లైవుడ్ అయితే, చెదలు తిన్నందుకు మార్చారా, మొత్తం కొత్తదా అని అడగండి. మన ఇళ్లలో చెదల బెడద మామూలే కాబట్టి వెనక పలక మార్చినంత మాత్రాన నేను వదిలేయను, ధర తగ్గించుకుంటాను.

డయల్ మీద నాలుగుని ఐవీ అని కాకుండా నాలుగు నిలువు గీతలతో వేస్తే నకిలీ అని కొందరు భయపడతారు. భయపడకండి, పాత గడియారాల్లో అదే రివాజు.

బొమ్మ ఉన్న గడియారం "కంచు" అని రాశారు. నిజమేనా?

ఇక్కడే నేను గట్టి దెబ్బ తిన్నాను. గుర్రం మీద యోధుడి బొమ్మ, కింద నల్ల పీఠం, మధ్యలో పింగాణీ డయల్. ఆన్‌లైన్ వేలంలో "బ్రాంజ్" అని రాశారు. రాత్రి పదిన్నరకి పాట నడుస్తుంటే, ఎవరో ఒకాయన నాతో పోటీ పడి ఐదొందలు ఐదొందలు పెంచుతుంటే, మా ఆవిడ "పడుకోండి ఇక" అంటున్నా వినకుండా 41,500 దాకా పాడాను. పార్సిల్ వచ్చింది. గుర్రం ముందుకాలు విరిగి ఉంది. విరిగిన చోట లోపల బూడిద రంగు, పెళుసుగా, గరుకుగా, ఉప్పు గడ్డ పగిలినట్టుంది. కంచు అలా విరగదు. అది స్పెల్టర్, అంటే జింకు పోత మీద కంచు రంగు.

19వ శతాబ్దం రెండో సగంలో, కంచు కొనలేని మధ్యతరగతి కోసం ఫ్రాన్స్‌లో ఇలాంటివి వేల సంఖ్యలో పోశారు. అవీ పాతవే, కొన్ని అందమైనవే. ధర మాత్రం కంచు బొమ్మ ధరలో చిన్న భాగం. వేలం సంస్థకి రాస్తే, నిబంధనల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అనే వాక్యం చూపించారు. నేను దాన్ని చదవకుండానే ఒప్పుకున్నట్టు గుర్తు పెట్టాను కాబట్టి నా నోరు మూతపడింది.

ఇప్పుడైతే పాడకముందే రెండు ఫోటోలు అడుగుతాను. బొమ్మను తిరగేసి అడుగు భాగం ఒకటి, ఎక్కువగా చెయ్యి తగిలే చోటు, అంటే మోకాలో, ముక్కో, తోకో, అది దగ్గర నుంచి ఒకటి. రంగు అరిగిన చోట పసుపుగా మెరిస్తే ఇత్తడో కంచో, బూడిదగా కనిపిస్తే జింకు. చేతికి అందే చోట ఉంటే గోటితో కొట్టి వినండి. కంచు గుళ్లో గంటలా కాసేపు మోగుతుంది, జింకు "ఠప్" అని ఊరుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు. అది ఇనుమును పడుతుందే తప్ప కంచుకీ జింకుకీ తేడా చెప్పదు, రెండింటికీ అంటదు.

"ఇది వనపర్తి సంస్థానం గడియారం", "గద్వాల కోట నుంచి వచ్చింది" అంటారు. నమ్మొచ్చా?

పాత పాలమూరు జిల్లాలో వనపర్తి, గద్వాల, కొల్లాపురం సంస్థానాలు ఉండేవి కాబట్టి అలాంటి గడియారాలు ఉండటం అబద్ధం కాదు. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది, పాత సామానంతా అక్కడే కూర్చుని ఉండదు కదా. ఎక్కడికో ఒకచోటికి వెళ్లే ఉంటుంది. కానీ నేను విన్న "సంస్థానం గడియారాలు" అన్నీ కలిపితే, ఆ భవనాల్లో మనుషులు నిలబడటానికి చోటు ఉండేది కాదు.

కథకు కాగితం తోడుండాలి. పాత బిల్లు, ఆ గదిలో గడియారం గోడకి ఉన్న ఫోటో, కుటుంబం ఇచ్చిన ఉత్తరం, పాత వేలం కేటలాగులో లాట్ నంబరు (ఆ వస్తువుకి ఇచ్చిన వరుస సంఖ్య), వీటిలో ఏదో ఒకటి. కాగితం లేకపోతే కథ విని సంతోషించండి, దానికి మాత్రం డబ్బు కట్టకండి. నిజాం రైల్వే పేరు రాసి ఉన్న స్టేషను గడియారాల విషయంలో ఇంకా జాగ్రత్త. డయల్ మీద పేరు రాయడం ఒక పూట పని. ఆ అక్షరాలు డయల్‌లోని మిగతా అంకెలంత పాతబడ్డాయా, అంకెల మీద వచ్చిన సన్నని పగుళ్లు అక్షరాల మీదుగా కూడా వెళ్లాయా, చూడండి.

వేలం పాట అసలు ఎలా నడుస్తుంది? ఎప్పుడు వెనక్కి తగ్గొచ్చు?

ఊళ్లో చింతచెట్ల పాట, చెరువు చేపల పాట చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మా నాయన తరం హర్రాజు అనేది, మనం వేలం అంటున్నాం, ఇంతే తేడా. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనగానే సుత్తి పడుతుంది, సరుకు మీది.

1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ దీని గురించే. సుత్తి పడేదాకా పాడినవాడు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు, పడ్డాక తీసుకోలేడు. అమ్మేవాడు తన సొంత సరుకు మీద తనే పాడాలన్నా, తన మనిషితో పాడించాలన్నా, ఆ హక్కు ఉందని ముందే ప్రకటించాలి. ప్రకటించకుండా దొంగ పాటలతో ధర పెంచితే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. రుజువు చేయడం తలనొప్పి అనుకోండి, కానీ చట్టం మీ వైపే ఉంది. ఆన్‌లైన్ వేలాల్లో పాట వెనక్కి తీసుకోవడం గురించి వాళ్ల నిబంధనలు వేరుగా ఉంటాయి, అవి చదవకుండా బటన్ నొక్కొద్దు. నేను చదవలేదు, నా గుర్రం సంగతి పైన చెప్పాను.

రిజర్వ్ ధర అంటే అమ్మేవాడు దానికంటే తక్కువకి ఇవ్వనన్న గీత. చాలాసార్లు బయటికి చెప్పరు. కేటలాగులో రాసే అంచనా ధర వేరు. అది జోస్యం లాంటిది, నిజమైతే అయింది.

20,000కి పాడితే 20,000 కడితే చాలా?

అదే జరిగితే ఇంకేం. ఊరికే లెక్క కోసం చూడండి. పాట 20,000. కొనుగోలుదారు మీద వేలం సంస్థ వేసే ప్రీమియం 15 శాతం అనుకుంటే 3,000. ప్యాకింగ్, రవాణా 1,500. ఇంటికొచ్చాక సర్వీసింగ్ 3,000. జీఎస్‌టీ కాకుండానే 27,500 అయింది. జీఎస్‌టీ దేని మీద, ఎంత వేస్తారో పాటకు ముందే రాతపూర్వకంగా అడగండి. నేనైతే మనసులో అనుకున్న మొత్తంలోంచి ఇవన్నీ తీసేసి, మిగిలిందే నా చివరి పాట అని కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకుంటాను. ఆ అంకె దాటాక పాడేది మనం కాదు, మన పంతం.

విదేశీ వేలంలో కొనాలనుకుంటే దీనికి కస్టమ్స్, అంతర్జాతీయ రవాణా, ఇన్సూరెన్స్ కలుస్తాయి. చిన్న గడియారాలకు ఆ ఖర్చు కిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

హైదరాబాద్ వెళ్లి చూడలేను. ఏమేం అడగాలి?

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. వేలానికి ముందు సరుకు చూపించే ప్రదర్శన రోజు వెళ్లగలిగితే వెళ్లండి, బస్సు చార్జీ కంటే మంచి పెట్టుబడి లేదు. కుదరకపోతే మెషిన్ ముందు వెనక ఫోటోలు, డయల్ తీసిన ఫోటో, పెట్టె లోపలి ఫోటో అడగండి. ఇంకా ముఖ్యంగా, ఒక వీడియో: గడియారం నడుస్తుండగా రెండు నిమిషాలు, అందులో గంట కొట్టే క్షణం ఉండాలి. "నడుస్తుంది" అని రాయడం వేరు, నడవడం వేరు. పెండ్యులాన్ని వేలితో నెడితే ఏ గడియారమైనా ఐదు నిమిషాలు నడుస్తుంది. చావి పూర్తిగా ఇచ్చి ఎనిమిది రోజులు ఆగకుండా నడిచిందా అనేదే ప్రశ్న. జవాబు "చెక్ చేయలేదు సార్" అని వస్తే, నడవదు అని రాసుకోండి.

చావి ఉందా, పెండ్యులం అసలుదేనా, గాజుగంట ఉందా అన్నవి కూడా అడగండి. గాజుగంట పగిలితే ఆ కొలతకి ఇంకోటి దొరకడం మహా కష్టం.

కొనడానికి, అమ్మడానికి చట్టపరంగా ఇబ్బందులేమైనా ఉన్నాయా?

ఇంట్లో పెట్టుకోవడానికి దేశంలో ఒక గోడ గడియారం కొనుక్కుంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. నూరేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్స్ ఉండాలి, కాబట్టి అమ్మే సంస్థను అది అడగండి, బిల్లు తీసుకోండి. వాటిని దేశం దాటించడం మాత్రం మీ చేతిలో లేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి నూరేళ్ల గడియారం సూట్‌కేసులో పంపుదామనుకునేవాళ్లు ముందు పురావస్తు శాఖ హైదరాబాద్ ఆఫీసులో కనుక్కోవాలి. వస్తువు పురావస్తువు కాదని వాళ్లు కాగితం ఇస్తేనే ఎయిర్‌పోర్టులో గొడవ ఉండదు.

ఏనుగు దంతం అతికించిన గడియారం జోలికి అసలు పోవద్దు. దంతం వ్యాపారం వన్యప్రాణి చట్టం కింద నేరం. తాబేటి చిప్ప పొదిగిన ఫ్రెంచి గడియారాలకూ ఇదే జాగ్రత్త.

ఇంటికి తెచ్చేటప్పుడు ఏం చేయాలి?

పెండ్యులం తీసేయండి. నూటికి తొంభై నష్టాలు ఇది తీయకపోవడం వల్లే అంటే నమ్మండి. పెట్టెలో వేలాడుతున్న బరువు ప్రతి గతుకుకీ ఊగి, దాన్ని పట్టుకున్న సన్నని ఉక్కు రేకును విరుస్తుంది, అద్దాన్ని పగలగొడుతుంది. నా గుర్రం కాలు విరగడానికీ కారణం అదే, విడిగా కట్టని పెండ్యులం పార్సిల్‌లో దొర్లి దొర్లి దానికే తగిలింది. చావిని బట్టలో చుట్టి విడిగా పెట్టండి. కొన్ని ఫ్రెంచి గడియారాల పెండ్యులంలో పాదరసం నింపిన గాజు గొట్టాలు ఉంటాయి. వాటిని పార్సిల్ చేయకండి, విమానంలో అసలు ఎక్కనివ్వరు.

నేనిప్పుడు పార్సిల్ మానేశాను. వెళ్లి, పాత దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాను. చౌటుప్పల్ దగ్గర కండక్టర్ అడుగుతాడు, "పాపనా సార్?" అని.

గోడకి తగిలించాం, పది నిమిషాలకే ఆగిపోతోంది. పాడైపోయిందా?

ముందు చెవి పెట్టి వినండి. "టిక్, టాక్, టిక్, టాక్" అని సమానంగా రావాలి. "టిక్టాక్... టిక్టాక్..." అని కుంటుతున్నట్టు వస్తే గడియారం ఒక పక్కకి ఒరిగి ఉంది. కింది అంచును వెంట్రుకవాసి ఎడమకో కుడికో జరుపుతూ వినండి, కుంటుడు పోయిన చోట పెన్సిల్‌తో గోడ మీద గుర్తు పెట్టండి. అలమర మీద పెట్టేదైతే ఒక పక్క కింద మడిచిన పోస్టుకార్డు పెడితే చాలు. మొదట్లో నేను ఇది తెలియక ఒక మంచి గడియారాన్ని మూడుసార్లు రిపేరుకి మోసుకెళ్లాను. మూడోసారి చాచా డబ్బు తీసుకోలేదు, నవ్వారు.

వేసవిలో వెనకబడుతుందని కొందరు అంటారు. అది గడియారం తప్పు కాదు, మన ఎండల తప్పు. వేడికి లోలకం కడ్డీ సాగుతుంది, పొడవైన లోలకం మెల్లగా ఊగుతుంది. ఇత్తడి కడ్డీ అయితే చలికాలానికీ ఎండాకాలానికీ గదిలో 20 డిగ్రీల తేడాకి రోజుకి సుమారు 16 సెకన్లు వెనకబడుతుంది. కర్ర కడ్డీ చాలా తక్కువ సాగుతుంది, అందుకే మంచి గోడ గడియారాలకి కర్ర కడ్డీ పెట్టేవాళ్లు. లోలకం కింద మర ఉంటుంది. బిళ్లను పైకి తిప్పితే తొందరగా, కిందికి దించితే మెల్లగా నడుస్తుంది. పావు మీటరు లోలకాన్ని మిల్లీమీటరులో మూడో వంతు జరిపితేనే రోజుకి నిమిషం మారిపోతుంది, కాబట్టి కొంచెం తిప్పి ఒక రోజు ఆగి చూడాలి. ఉగాదికోసారి, దసరాకోసారి సరిచేసుకుంటే సరిపోతుంది.

ముల్లు చూపించేది ఒకటి, గంట కొట్టేది ఒకటి. ఏం చేయాలి?

ఇది జబ్బు కాదు. ఎన్ని కొట్టిందో లెక్కపెట్టండి, పెద్ద ముల్లు 12 మీద ఉండగా చిన్న ముల్లును మెల్లగా ఆ అంకె దగ్గరికి జరపండి, తర్వాత పెద్ద ముల్లును ముందుకు తిప్పుతూ సరైన టైముకి తెచ్చుకోండి. ప్రతి గంట దగ్గరా కొట్టనిచ్చి తిప్పాలి. వెనక్కి మాత్రం తిప్పకండి.

ఇత్తడి భాగాలు తోమొచ్చా?

బంగారు పూత ఉన్నవాటిని వద్దు, దండం పెడతాను. పూజ సామాను తోమినట్టు చింతపండుతో, నిమ్మకాయతో, ఇత్తడి పొడితో తోమితే ములామా లేచిపోతుంది, కింద లోహం బయటపడుతుంది, ధర సగానికి పడుతుంది. పూర్వం పాదరసంలో బంగారం కలిపి పూసి, కాల్చి చేసిన పూత అది. ఆ పొగ పీల్చి పనివాళ్లు జబ్బుపడేవాళ్లు. అలాంటి పని ఇప్పుడు మళ్లీ చేయించలేం. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతే.

మెషిన్‌లో కిరోసిన్ పోయడం మన దగ్గర పాత అలవాటు. కిరోసిన్ మురికిని కరిగించి లోపలికే తీసుకెళ్తుంది, కొన్నాళ్లు గడియారం పరిగెత్తుతుంది, తర్వాత ఇరుసులు అరుగుతాయి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె కూడా వద్దు. గడియారానికి వేరే నూనె ఉంటుంది, సూదిమొనతో ఒక్కో ఇరుసుకి ఒక్క బొట్టు. స్ప్రింగు మీరు విప్పకండి. చావి ఇచ్చి ఉన్న స్ప్రింగు ఒక్కసారి వదిలితే వేళ్లు తెగుతాయి, ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు.

ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉంటే అరిష్టమా?

మా అత్తయ్య అవునంటుంది. నేను చావి ఇస్తాను, సమస్య తీరిపోతుంది.

మా తాతగారి గడియారం ఉంది. వేలానికి పెడితే ఎంతొస్తుంది?

ఫోటో చూసి ధర చెప్పమని చాలామంది అడుగుతారు, నేను చెప్పను. చెప్పగలిగింది ఇది: అమ్మాలనుకుంటే దాన్ని ముట్టుకోకండి. కొత్త పాలిష్, కొత్త డయల్, గీతలు పోయేలా రుద్దడం, ఇవన్నీ మీ ఖర్చుతో మీరే ధర తగ్గించుకోవడం. మాసిపోయిన అసలు డయల్‌కి వచ్చే ధర, మెరిసే కొత్త డయల్‌కి రాదు. వేలం సంస్థ అమ్మినవాళ్ల దగ్గర కూడా కమిషన్ తీసుకుంటుంది. అమ్ముడుపోకపోతే వెనక్కి తెచ్చుకునే ఖర్చు ఎవరిదో, రిజర్వ్ ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి.

అన్నదమ్ములున్న ఇంట్లో అయితే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకోండి. దేవరకొండ వైపు మా బంధువుల ఇంట్లో పొలం పంపకం సాఫీగా అయిపోయింది, గడియారం దగ్గర ఆగింది. పదకొండేళ్లు తలా ఒక సంవత్సరం పెట్టుకున్నారు. మోసీ మోసీ పెట్టె కీళ్లు వదులైపోయాయి.

రాత్రంతా గంటలు కొడుతోంది, నిద్ర పట్టట్లేదు. ఆపొచ్చా?

రోజుకి గంటల లెక్కే 156 దెబ్బలు, అరగంటలతో కలిపి 180. చాలా గడియారాల్లో కుడి రంధ్రం టైముది, ఎడమది గంటది. ఎడమ వైపు చావి ఇవ్వకపోతే మెషిన్ నడుస్తుంది, గంట కొట్టదు. కొన్ని రకాల్లో మాత్రం అలా వదిలేస్తే 12 దాటి ఒంటిగంటకి వచ్చేటప్పుడు లోపల ఇరుక్కుని మొత్తం ఆగిపోతుంది. అందుకే మేం సుత్తి తలకి పాత వెల్వెట్ జాకెట్టు ముక్క చిన్నది చుట్టి దారం కట్టాం. ఇప్పుడు పక్కగదిలో ఎవరో తలుపు మెల్లగా తడుతున్నట్టు వినిపిస్తుంది. మొదటి వారం రాత్రి పన్నెండింటికి మా అమ్మ రెండుసార్లు లేచి వెళ్లి తలుపు తీసింది.